ఎన్ని మైక్రాన్లని అడిగితే చాలదు

కారులో ఇంజన్‌కు ఒక నూనె, గేర్‌బాక్సుకు ఇంకో నూనె. మామూలు కారు క్లచ్ పొడిగానే తిరుగుతుంది. మన రోడ్ల మీది ఫోర్ స్ట్రోక్ మోటార్‌సైకిళ్ళలో దాదాపు దేనికీ ఆ భోగం లేదు. చిన్న బండిలో లీటరు, పెద్ద బండిలో మూడు లీటర్లు, ఎంత పోసినా ఒకటే నూనె. అదే పిస్టన్ వేడిని మోసుకుపోవాలి, క్యామ్‌ను తడపాలి, గేర్ల పళ్ళ మధ్య నలగాలి, క్లచ్ ప్లేట్ల సందుల్లో తిరగాలి.

కాబట్టి ఆ నూనెలో చేరే చెత్త కూడా నానా రకాలది. గేరు మార్చిన ప్రతిసారీ ఉక్కు పళ్ళు కొట్టుకుని రాలే రజను ఉంటుంది. క్లచ్ ప్లేట్ల నుంచి అరిగిన పీచు ఉంటుంది. పిస్టన్ వదిలిన అల్యూమినియం, పెట్రోలు కాలగా మిగిలిన మసి, ఇవన్నీ అందులోనే తేలుతుంటాయి. ఇవి ఇంటి దొంగలు. ఎయిర్ ఫిల్టర్‌ను దాటుకుని బయటినుంచి వచ్చే దొంగ ఒకడున్నాడు: దుమ్ము. రోడ్డు దుమ్ములో క్వార్ట్జ్ చాలా ఉంటుంది, అంటే మెత్తని ఇసుక. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7. మామూలు ఉక్కును గీకడానికి ఆ గట్టిదనం చాలు, అల్యూమినియం సంగతి చెప్పనక్కర్లేదు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల చుట్టూ రోజూ తిరిగే బండికీ, విశాఖ బీచ్ రోడ్డు మీద మాత్రమే తిరిగే బండికీ ఇంజన్ ఆయుష్షులో తేడా వస్తే ముందు అనుమానించవలసింది ఈ ఇసుకనే. అందుకే ఒక మాట ముందే చెప్పేస్తాను. ఖరీదైన ఆయిల్ ఫిల్టర్ కొని, చిరిగిపోయిన ఎయిర్ ఫిల్టర్‌తో బండి నడిపేవాళ్ళు దొడ్డి గుమ్మం తెరిచి వీధి గుమ్మానికి తాళం వేస్తున్నారు.

ఎంత చిన్న రేణువు హాని చేస్తుంది? మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాన్. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 40 మైక్రాన్లకు దిగువన ఉన్న ఒంటరి రేణువును కంటితో పట్టడం కష్టం. తిరిగే ఇరుసుకూ దాని బేరింగుకూ మధ్య నూనె పొర మాత్రం కొన్ని మైక్రాన్ల మందమే. ఆ పొర కంటే బాగా చిన్న రేణువు లోహాన్ని తాకకుండా నూనెతోపాటే జారిపోతుంది. బాగా పెద్దది ఆ సందులో దూరలేదు. సరిగ్గా ఆ సందుకు సరిపోయే సైజుది, అంటే స్థూలంగా 5 నుంచి 20 మైక్రాన్ల మధ్యది, రెండు వైపుల లోహాన్నీ ఒకేసారి గీకుతుంది. నూనె బొట్టును వేళ్ళ మధ్య రుద్ది "గరుగ్గా లేదు, బాగానే ఉంది" అనే పరీక్ష ఇక్కడ పనికిరాదు. వేలికి తగిలేంత గరుకు రేణువులు కనబడేసరికి కథ ఎప్పుడో ముదిరిపోయి ఉంటుంది.

మోటారు వాహనాల తొలి రోజుల్లో నూనెను వడకట్టే పద్ధతే సరిగా లేదు. ఉంటే ఒక తీగ జాలీ ఉండేది, లేకపోతే అదీ లేదు. నూనెను తరచుగా పారబోసి కొత్తది పోసుకోవడమే మార్గం. అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ కలిసి 1923లో ప్యూరోలేటర్ అనే ఫిల్టర్‌ను తెచ్చారు. 1924లో వచ్చిన క్రైస్లర్ సిక్స్ కారుకు మార్చుకోదగిన ఆయిల్ ఫిల్టర్ అమర్చారు. ఆ కాలపు ఫిల్టర్లు నూనె మొత్తాన్ని వడకట్టేవి కావు. పంపు తోసిన నూనెలో కొంత పాయను మాత్రం పక్కకు మళ్ళించి శుభ్రం చేసి మళ్ళీ తొట్టిలోకి వదిలేవి. నూనె అంతా బేరింగులకు చేరేముందు ఫిల్టర్ గుండా పోవాలన్న ఏర్పాటు తరువాతి దశాబ్దాల్లో స్థిరపడింది. నేటి బళ్ళలో కాగితపు ఫిల్టర్ ఉన్నవన్నీ దాదాపు ఆ రకమే.

కాగితం అంటున్నాం కానీ అది రాసుకునే కాగితం కాదు. చెట్ల పీచును పరిచి, రెసిన్ పట్టించి, వేడి నూనెలో మెత్తబడకుండా గట్టిపరిచిన దళసరి పొర. ఫిల్టర్ అనగానే జల్లెడ గుర్తుకొస్తుంది, కంత కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది దిగుతుంది అని. తీగ జాలీ విషయంలో అది నిజం. కాగితం పని వేరు. ఆదిలాబాద్ వైపు పత్తి సీజన్‌లో రోడ్డు పక్క తుమ్మకంపలను చూడండి. మార్కెట్‌కు పోయే బళ్ళ మీంచి ఎగిరిన దూది పింజలు వాటికి వేలాడుతుంటాయి. ముళ్ళ మధ్య సందులు ఆ పింజల కంటే ఎంతో పెద్దవి. అయినా కంప లోతుగా ఉంది కాబట్టి, దారి వంకరటింకరగా ఉంది కాబట్టి, పింజ ఎక్కడో ఒకచోట ముల్లుకు తగులుకుంటుంది. కాగితపు పొర లోపల రేణువుకు జరిగేదీ అదే. నూనె పీచును చుట్టి మలుపు తిరుగుతుంది, బరువైన రేణువు ఆ మలుపు తిరగలేక పీచుకు కొట్టుకుంటుంది. కొన్ని పీచును రాసుకుంటూ పోయి అంటుకుపోతాయి.

ఇందులోంచి ఒక ముఖ్యమైన విషయం తేలుతుంది. ఇలా పట్టుకోవడంలో ఎంతో కొంత జూదం ఉంది. 20 మైక్రాన్ల రేణువులు వంద వస్తే ఒక ఫిల్టర్ యాభైని పట్టవచ్చు, ఇంకోటి తొంభై తొమ్మిదిని పట్టవచ్చు. రెండు డబ్బాల మీదా "20 మైక్రాన్లు" అనే రాసి ఉండవచ్చు, రెండూ అబద్ధం కాకపోవచ్చు. శాతం చెప్పని మైక్రాన్ల అంకెకు అర్థం లేదు.

ఇంజనీర్లు దీనికి బీటా అనే నిష్పత్తిని వాడతారు. ఫిల్టర్‌కు ముందు ఒక సైజు రేణువులు ఎన్ని, తరువాత ఎన్ని అని లెక్కపెట్టి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. బీటా 2 అంటే సగం ఆగాయి. 20 అంటే 95 శాతం, 75 అంటే 98.7 శాతం, 100 అంటే 99 శాతం. ఇంజన్ ఆయిల్ ఫిల్టర్లకు ఈ పరీక్ష ఎలా చేయాలో ఐఎస్ఓ 4548 ప్రమాణంలోని 12వ భాగం చెబుతుంది. పరీక్ష దుమ్మును నూనెలో కలుపుతూ, అదే నూనెను ఫిల్టర్ గుండా మళ్ళీ మళ్ళీ తిప్పుతూ లెక్కపెడతారు. డబ్బా మీద గానీ కంపెనీ కాగితాల్లో గానీ ఈ ప్రమాణం పేరు, మైక్రాన్లు, శాతం మూడూ కలిసి కనబడితే ఆ తయారీదారు కనీసం పరీక్ష రాసినవాడని అర్థం.

90 శాతానికీ 99 శాతానికీ ఏమంత తేడా అనిపిస్తుంది కదా, చిన్న లెక్క వేద్దాం. ఇంజన్‌లో నిమిషానికి ఒకే సైజు రేణువులు వంద పుడుతున్నాయనుకోండి. నూనె మొత్తం ఫిల్టర్ గుండానే తిరుగుతోందనుకోండి. కాసేపటికి ఒక నిలకడ వస్తుంది, నిమిషానికి ఎన్ని పుడుతున్నాయో ఫిల్టర్‌లో అన్నే చిక్కుతుంటాయి. సగమే పట్టే ఫిల్టర్‌లో వంద చిక్కాలంటే దాని ముందుకు రెండు వందలు రావాలి. మిగతా వంద బేరింగుల వైపు పోతాయి. 90 శాతం పట్టేదాని ముందుకు 111 వస్తాయి, 11 తప్పించుకుంటాయి. 99 శాతం పట్టేదాని ముందుకు 101 వస్తాయి, తప్పించుకునేది ఒక్కటే. చిక్కినవి చూస్తే మూడు ఫిల్టర్లలోనూ వందే. ఏడాది తరువాత విప్పి చూస్తే మూడూ ఒకేలా నల్లగా ఉంటాయి. కానీ బేరింగు చూసిన నూనె మూడు చోట్లా ఒకటి కాదు. "పాత ఫిల్టర్ నిండా మురికి పట్టింది, అంటే బాగా పనిచేసింది" అని కౌంటర్ దగ్గర చెప్పే మాటను అందుకే నమ్మనక్కర్లేదు. అదే సమయంలో, సగం పట్టే ఫిల్టర్ ఉత్త దండగ అనుకోవడమూ తప్పే. అసలు ఫిల్టరే లేకపోతే నూనె మార్చేదాకా ఆ రేణువులు పోగవుతూనే ఉంటాయి.

ఇంజన్ అరుగుదల మీద దీని ప్రభావాన్ని 1988లో జనరల్ మోటార్స్‌కు చెందిన డేవిడ్ స్టేలీ కొలిచి చూపించాడు. 40 మైక్రాన్ల ఫిల్టర్‌తో పోలిస్తే 30 మైక్రాన్లది వాడినప్పుడు అరుగుదల సగానికి తగ్గింది, 15 మైక్రాన్లదానితో 70 శాతం తగ్గింది. ఫిల్టర్ అమ్మేవాళ్ళకు ఈ అంకెలంటే చాలా ఇష్టం. ఆ ప్రయోగంలో ఫలితం త్వరగా తేలడానికి నూనెలో కావాలని దుమ్ము కలిపారని, అవి మోటార్‌సైకిల్ ఇంజన్లు కావని మాత్రం వాళ్ళు చెప్పరు. దిశ నిజం. మీ బండిలోనూ అంతే శాతం తగ్గుతుందన్న హామీ మాత్రం అందులో లేదు.

అయితే అన్నిటికంటే సన్నటిది కొనేస్తే సరిపోతుందా? ఇక్కడే ఫిల్టర్ ఎంపికలో అసలు చిక్కు ఉంది. రంధ్రాలు సన్నబడినకొద్దీ నూనె దూరడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. నూనె చిక్కగా ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. 20డబ్ల్యూ-50 నూనెకు 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనం, ఇంజన్ బాగా వేడెక్కి 100 డిగ్రీలకు చేరినప్పటి చిక్కదనానికి ఎనిమిది తొమ్మిది రెట్లు. జనవరి తెల్లవారుజామున ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోయినప్పుడు అది మరీ పాకంలా ఉంటుంది. ఆ పాకం కాగితం గుండా త్వరగా దిగదు. బేరింగు నూనె కోసం ఎదురుచూస్తూ ఎండిపోకూడదు కదా. అందుకని బైపాస్ వాల్వ్ అనే చిన్న స్ప్రింగు తలుపు పెడతారు. ఫిల్టర్‌కు ఇటూ అటూ ఒత్తిడి తేడా సాధారణంగా ఒక బార్‌కు కాస్త అటూ ఇటూగా చేరితే ఆ తలుపు తెరుచుకుంటుంది, నూనె వడకట్టకుండానే బేరింగులకు పోతుంది. మురికి నూనె మంచిది కాదు, కానీ అసలు నూనె లేకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం.

చల్లటి ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే బండిని రేజ్ చేయకూడదనడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. పంపు ఎంత జోరుగా తోస్తే తలుపు అంత తేలిగ్గా తెరుచుకుంటుంది. ఫిల్టర్ నిండిపోయాక కూడా మార్చకుండా నడిపితే ఆ తలుపు ఎండాకాలంలోనూ తెరిచే ఉంటుంది. ఫిల్టర్ ఉంటుంది, వడపోత ఉండదు, నడిపేవాడికి తెలియనే తెలియదు.

కాబట్టి డబ్బా బయటినుంచి చూస్తే తెలియని ఒక ప్రశ్న ముందుకొస్తుంది: ఈ వాల్వ్ ఎక్కడుంది? కొన్ని ఇంజన్లలో అది ఇంజన్ ఒంట్లోనే ఉంటుంది, దాని ఫిల్టర్‌లో ఉండనక్కర్లేదు. కొన్నిటిలో ఫిల్టర్ డబ్బాలోనే ఉంటుంది. రెండో రకం ఇంజన్‌కు మొదటి రకం ఫిల్టర్ బిగిస్తే, అది మూసుకుపోయిన రోజు నూనెకు దారి ఉండదు, లేదా కాగితం చిరిగి ముక్కలు నూనె దారుల్లోకి పోతాయి. వాల్వ్ ఉన్నా తక్కువ ఒత్తిడికే తెరుచుకునేదైతే అనవసరంగా వడపోత తప్పిపోతూ ఉంటుంది. "సైజు సరిపోయింది సార్, వేసేద్దాం" అంటే సరిపోయింది డబ్బా కొలత మాత్రమే.

ఆ కొలత కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. జపాన్ బళ్ళలో చాలావాటికి స్పిన్-ఆన్ (డబ్బాతో సహా తిప్పి బిగించే) ఫిల్టర్ త్రెడ్డు 20 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకు 1.5 మిల్లీమీటర్ల ఎడం. హార్లీ డేవిడ్‌సన్ బళ్ళలో చాలావాటిది ముప్పావు అంగుళం వ్యాసం, అంగుళానికి 16 చుట్లు. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు, చుట్టు ఎడం 1.59 మిల్లీమీటర్లు. అంటే 20 మిల్లీమీటర్ల ఫిల్టర్‌ను ముప్పావు అంగుళపు గొట్టం మీద పెడితే కొన్ని చుట్లు తిరుగుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. నిజానికి పళ్ళ అంచులు మాత్రమే పట్టుకుని ఉంటాయి. కారుకైతే అది ఊడితే నూనె రోడ్డు పాలవుతుంది. మోటార్‌సైకిల్‌కైతే ఆ నూనె వెనక టైరు కిందికి వస్తుంది. కారు ఫిల్టర్లు చవగ్గా దొరుకుతున్నాయని బైకులకు బిగించుకునే సాహసికులున్నారు. వాళ్ళను నేను మెచ్చుకోలేను.

అడ్డంగా బిగించే డబ్బా ఫిల్టర్లలో ఒక రబ్బరు పొర కూడా ఉంటుంది. బండి ఆపగానే ఫిల్టర్‌లోని నూనె వెనక్కి జారి తొట్టిలోకి పోకుండా అది అడ్డుకుంటుంది. అది గట్టిపడితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పంపు ముందు ఖాళీ ఫిల్టర్‌ను నింపాలి, ఆ కొన్ని క్షణాలు పై భాగాలకు నూనె అందదు. చవక ఫిల్టర్లలో ఇది నైట్రైల్ రబ్బరు, వేడికి క్రమంగా బిర్రబిగుస్తుంది. సిలికోన్ పొర మెత్తగా నిలుస్తుంది. ఫిల్టర్ నోటి కంతల్లోంచి చిన్న పుల్లతో మెల్లగా నొక్కి చూస్తే ఆ పొర మెత్తగా వంగి వెనక్కి వస్తుందో లేదో షాపులోనే తెలుస్తుంది.

మన దగ్గర కాగితపు ఫిల్టర్ ఉన్న బళ్ళలో ఎక్కువగా కనబడేది డబ్బా ఫిల్టర్ కాదు, ఇంజన్ కవరు కింద దూర్చే కాగితపు ఎలిమెంట్. పల్సర్లు, డ్యూక్‌లు, క్లాసిక్ 350లు ఈ కోవలోవి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650లకు స్పిన్-ఆన్ డబ్బా. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఫెల్ట్ ఎలిమెంట్ ఉండేది. కాగితపు ఎలిమెంట్‌లో మడతలు ఎక్కువుంటే మంచిదనుకుంటారు. మడతల వల్ల వైశాల్యం పెరుగుతుంది, నిజమే. కానీ మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయేంత కిక్కిరిస్తే మధ్యలోకి నూనె దూరదు, ఆ వైశాల్యం ఉండీ లేనట్టే. మడతలు సమాన దూరంలో, తిన్నగా నిలబడి ఉండాలి. రెండు చివరలా జిగురు సందు లేకుండా పట్టి ఉండాలి. అక్కడ వెంట్రుకంత సందున్నా నూనెకు కాగితంతో పని ఉండదు, సులువైన దారినే పోతుంది. డూప్లికేట్ సరుకు బయటపడేది ఎక్కువగా ఇక్కడే. పెట్టె మీద అచ్చును నకలు కొట్టడం తేలిక, లోపలి జిగురు పని మీద ఖర్చు పెట్టడం వాళ్ళకు గిట్టదు.

ఎలిమెంట్‌ను తిరగేసి పెట్టడమనే ప్రమాదమూ ఉంది. కొన్నిటికి ఒక చివర కంత, రెండో చివర మూత. తిరగేస్తే నూనె దారి మూసుకుపోతుంది. హోండా తన కొన్ని ఫిల్టర్ల మీద ఏ వైపు బయటికి ఉండాలో అచ్చేస్తుంది, తిరగేస్తే ఇంజన్ తీవ్రంగా దెబ్బతింటుందని మాన్యువల్లో హెచ్చరిస్తుంది. మార్కెట్‌లో దొరికే వేరే బ్రాండు ఎలిమెంట్ మీద ఆ అచ్చు ఉండకపోవచ్చు. పాతది తీసేటప్పుడే అది ఏ వైపు కూర్చుందో ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మేలు.

కడిగి మళ్ళీ వాడుకునే స్టీలు జాలీ ఫిల్టర్లూ అమ్ముతున్నారు. నూనెను ధారాళంగా పోనిస్తాయి, జీవితాంతం వస్తాయి, చూడ్డానికి అందంగా ఉంటాయి. పేరున్న వాటిలోనూ కంత సైజు సుమారు 35 మైక్రాన్లు. పైన చెప్పిన 5 నుంచి 20 మైక్రాన్ల ముఠాకు అది తెరిచిన గేటు. రేసు ముగిసిన ప్రతిసారీ నూనె మార్చేవాళ్ళకు సరే. రోజూ ఆఫీసుకు పోయే బండికి ఎందుకో నాకు అర్థం కాదు. డ్రెయిన్ నట్టుకు అయస్కాంతం పెట్టుకోవడం మంచి అలవాటే, కానీ అది ఉక్కు రజనును పడుతుంది గానీ ఇసుకనూ అల్యూమినియాన్నీ పట్టదు.

గాజు పీచు కలిపిన సింథటిక్ ఫిల్టర్ల మాట వేరు. చెట్ల పీచు మందం పదుల మైక్రాన్లు, గాజు పీచుది కొన్ని మైక్రాన్లే. సన్నని పీచు నూనెకు తక్కువ అడ్డం వస్తూ ఎక్కువ రేణువులను పట్టుకుంటుంది. సన్నటి వడపోత కావాలి, ఒత్తిడి పెరగకూడదు అనే రెండు కోరికలనూ కొంతవరకు కలిపి తీర్చేది ఇదే. ఎక్కువ డబ్బు పెట్టడానికి శాస్త్రం ఒప్పుకునే కారణాల్లో ఇదొకటి. డబ్బా చివర స్పానర్ పట్టే నట్టు ఉంటే విప్పడం సుఖం. ఆ సుఖానికి డబ్బు పెట్టండి, అది నూనెను శుభ్రం చేస్తుందని మాత్రం అనుకోకండి.

కొనేటప్పుడు నేను పాటించే వరుస ఇది. ముందు మాన్యువల్లోని పార్ట్ నంబరు. తరువాత, ఆ నంబరుకు బదులుగా తమ ఫలానా ఫిల్టర్ పనికొస్తుందని తయారీదారే తన పట్టికలో రాశాడా అన్నది. షాపువాడి హామీ దానికి బదులు కాదు. వాల్వ్, త్రెడ్డు, రబ్బరు రింగు కుదిరాకే మైక్రాన్లు, శాతం. బ్రాండు పేరు చివర. పరీక్ష అంకెలు ఎక్కడా చెప్పని "ప్రీమియం" డబ్బాకూ కంపెనీ ఒరిజినల్‌కూ మధ్య ఎంచుకోవాల్సి వస్తే ఒరిజినల్‌కే నా ఓటు. దాని అంకెలు కూడా చాలాసార్లు డబ్బా మీద ఉండవు, కానీ ఆ ఇంజన్‌లోని పంపుకూ వాల్వ్‌కూ తగ్గట్టు ఎంచి పెట్టిన సరుకు అది. బిగించేముందు పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని మిగిలిపోయిందేమో చూడండి. దాని మీద కొత్తది పడితే రెండు రింగులూ జారి నూనె చిమ్ముతుంది.

ఇదంతా చదివి స్ప్లెండర్ ఉన్నవాళ్ళు షాపుకు పరుగెత్తనక్కర్లేదు. ఆ ఇంజన్‌లో కాగితపు ఫిల్టరే లేదు. దాని క్రాంక్ బాల్ బేరింగుల మీద తిరుగుతుంది, అవి పలచని నూనె పొర మీద తేలే బేరింగుల్లా ఎక్కువ ఒత్తిడి అడగవు. నూనె అడుగున ఒక జాలీ, క్రాంక్ చివర ఒక రోటర్, అంతే. క్రాంక్ నిమిషానికి 8000 చుట్లు తిరిగేటప్పుడు, ఇరుసుకు 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్న రేణువును బయటికి విసిరే బలం దాని బరువుకు రెండువేల రెట్లు దాటుతుంది. నూనె కంటే తొమ్మిది రెట్లు బరువైన ఉక్కు రజను ఆ విసురుకు రోటర్ గోడకు పోయి ముద్దలా పేరుకుంటుంది. తేలికైన క్లచ్ పీచు, మసి అంత సులువుగా చిక్కవు. కొనే పని లేదు, కడిగే పని ఉంది. ఆ రోటర్‌ను చేరాలంటే క్లచ్ కవరు విప్పాలి, కొత్త గాస్కెట్ వేయాలి. అందుకే ఆయిల్ మార్చే పది నిమిషాల్లో ఎవరూ దాని జోలికి పోరు. మీ బండి ఆ రకమైతే, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు నిండగానే మెకానిక్‌ను రోటర్ విప్పి శుభ్రం చేయమని అడగండి. గాస్కెట్ డబ్బులు, గంట కూలి అవుతాయి. ఆ ఇంజన్‌కు ఫిల్టర్ మార్చడమంటే అదే.